జంట ఇంజన్ల వేగాలు కలవడం లేదు: డీసీసీలో సరిచేసే పద్ధతి చెప్పగలరు

కృష్ణలంక_లూప్‌లైన్ (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం.

విజయవాడ స్టేషను దాటి, కృష్ణ మీది వంతెన మీదుగా కృష్ణా కెనాల్ జంక్షన్ వైపు సాగే లైనును మనసులో పెట్టుకుని, మేడమీది గదిలో హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, ఒక మోడల్ రైలు లేఅవుట్ కట్టుకున్నాను. పట్టాల ద్వారానే ఒక్కొక్క ఇంజనుకూ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీ పద్ధతిలో దానిని నడుపుతాను. జంట డబ్ల్యూఏజీ-7 సరకు రవాణా విద్యుత్ ఇంజన్లు బాక్స్‌ఎన్ అనే పైకప్పులేని వ్యాగన్ల రేక్‌ను (వరుసను) లాగుతూ వంతెన మీదికి రావడాన్ని ఇంట్లోనూ చూడాలని మొదటి నుంచీ నా కోరిక. నా దగ్గరున్న రెండు ఇంజన్లూ పైకి ఒకేలా కనిపించినా లోపల ఒకటి కావు. ఒకటి సౌండ్ డీకోడర్‌తో (ఆదేశాలు అందుకుని మోటారునూ శబ్దాలనూ నడిపే చిన్న సర్క్యూట్‌తో) సహా తయారై వచ్చిన నమూనా; రెండోది ఒక విదేశీ డీజిల్ ఇంజను చాసీ మీద డబ్ల్యూఏజీ-7 బాడీని అమర్పించుకున్నది, దానిలో శబ్దం లేని మామూలు డీకోడర్ ఉంది.

విడిగా నడిపితే రెండింటికీ వంక పెట్టలేము. జోడించినప్పుడే తగవు మొదలవుతుంది. 2 మీటర్ల తిన్నని పట్టా మీద, వేగాన్ని మెట్లుగా విభజించే 128 స్టెప్పుల పద్ధతిలో 64వ స్టెప్పు వద్ద, సౌండ్ ఇంజను 9 సెకన్లలోనూ రెండోది 11.5 సెకన్లలోనూ దాటుతున్నాయి. వేగంగా పోయేది వెనక ఉంటే వంపులో ముందుదాన్ని నెట్టి పట్టా దింపుతోంది. ముందు ఉంటే వెనకదాన్ని ఈడ్చుకుపోతూ, 2 శాతం ఎత్తు ఎక్కేచోట చక్రాలు జారి నిలబడిపోతోంది. సౌండ్ ఇంజనులో సీవీ5ను (సీవీలంటే డీకోడర్‌లో మనం మార్చుకోగల అమరిక విలువలు, సీవీ5 గరిష్ఠ వేగానిది) తగ్గించి చివరి స్టెప్పు వద్ద రెండింటినీ కలిపాను కానీ మధ్య స్టెప్పులలో తేడా పోలేదు. పైన చెప్పిన కొలతలు ఆ మార్పు తరువాతవే.

నా సందేహాలు రెండు. దీనికి వేగాన్ని 28 చోట్ల విడివిడిగా నిర్ణయించే 28 పాయింట్ల స్పీడ్ టేబుల్ నింపడం ఒక్కటేనా దారి, లేక సులువైన పద్ధతి ఏదైనా ఉందా? బ్యాక్ ఈఎంఎఫ్‌ను, అంటే బరువు పడినా వేగం తగ్గకుండా డీకోడర్ సర్దే పద్ధతిని, ఆపివేయాలని కొందరు, ఆపితే నెమ్మది నడక పాడవుతుందని కొందరు చెబుతున్నారు. వీటిలో దేనిని నమ్మాలి? కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ నా దగ్గర లేదు, చేతి కంట్రోలర్ మీదనే సీవీలు మారుస్తాను.

బ్రాడీపేట_టర్న్‌టేబుల్ (జవాబు)

కృష్ణలంక గారూ, కొలతలతో సహా అడిగారు కనుక సూటిగా చెప్పడం వీలవుతోంది. హెచ్‌ఓలో 2 మీటర్ల పట్టాకు 626ను సెకన్లతో భాగిస్తే, అసలు ఇంజనుకు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో తెలుస్తుంది. ఆ లెక్కన మీ సౌండ్ ఇంజను దాదాపు 70 కిలోమీటర్ల వేగంతోనూ, రెండోది 54 కిలోమీటర్ల వేగంతోనూ పోతున్నాయి. ఇంత తేడాతో ఏ జోడీ అయినా కొట్టుకోవలసిందే.

ఎందుకు కొట్టుకుంటాయో ముందు గ్రహిస్తే తరువాతి పని తేలిక. మన మోడల్ ఇంజన్లలో అధికభాగం మోటారు నుంచి చక్రాలకు బలాన్ని వార్మ్ గేరు ద్వారా అందిస్తాయి. వార్మ్ తన కింది పళ్లచక్రాన్ని తిప్పగలదు గానీ, పళ్లచక్రం తిరగబడి వార్మ్‌ను తిప్పలేదు. అందువల్ల వెనక ఇంజను ఎంత నెట్టినా ముందుదాని మోటారు ఒక్క చుట్టు కూడా అదనంగా తిరగదు. దాని చక్రాలు పట్టా మీద జారితేనే జోడీ ముందుకు కదులుతుంది, జారడానికి వీలులేనంత పట్టు ఉంటే ఇంజన్లను కలిపే కప్లర్ వద్ద ఒత్తిడి పెరిగి వంపులో బండి పట్టా దిగుతుంది. చక్రాలకు రబ్బరు టైర్లు ఉన్న ఇంజను, లేని ఇంజనుతో జత కడితే ఈ బాధ మరీ ఎక్కువ.

ఇక సరిచేయడం. సీవీలను ముట్టుకునే ముందు చక్రాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కొక్క ఇంజనును ముందుకూ వెనక్కూ పావుగంట చొప్పున నడిపి వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్న మోటారు, గట్టిపడిన గ్రీజు ఇచ్చే కొలత ఒకటి, అరగంట నడిచాక వచ్చే కొలత మరొకటి. మన బెజవాడ, గుంటూరు మే నెలలో ఏసీ గదిలో కొలిచిన అంకె మేడమీద మధ్యాహ్నం నిలవదన్నది వేరే చెప్పనక్కరలేదు. ఆపైన రెండింటిలోనూ సీవీ3, సీవీ4లను 0 చేయండి. అవి వేగం పుంజుకునే, తగ్గే జాప్యాన్ని నిర్ణయిస్తాయి. అవి ఉండగా తీసుకున్న కొలతకు అర్థం లేదు. జోడీకి ఇచ్చే అడ్రసు (కంట్రోలర్ ఇంజనును పిలిచే సంఖ్య) ఉండే సీవీ19 కూడా 0 కావాలి, లేకపోతే ఇంజను తన సొంత అడ్రసు మీద వచ్చే వేగపు ఆదేశాలను పట్టించుకోదు. సౌండ్ డీకోడర్ బయలుదేరే శబ్దం పూర్తయ్యేదాకా ఇంజనును పట్టి ఉంచుతుంది కనుక, కొలిచేంతసేపూ శబ్దాన్ని ఆపి ఉంచండి.

కొలిచే చోటు కూడా మార్చకండి. పట్టాకు కరెంటు అందించే ఫీడర్ తీగకు దూరంగా ఉన్న పట్టాలో వోల్టేజీ పడిపోతుంది. ఒక ఇంజనును ఫీడర్ దగ్గరా మరొకదాన్ని ఆ చివరా కొలిస్తే మీరు పోల్చేది ఇంజన్లను కాదు, పట్టా ముక్కలను కలిపే జాయినర్ల నాణ్యతను.

ప్రమాణంగా ఎప్పుడూ నెమ్మది ఇంజనునే తీసుకోవాలి. డీకోడర్ వేగాన్ని కోయగలదే తప్ప, మోటారుకు లేని వేగాన్ని ఇవ్వలేదు. మొదట బయలుదేరే వేగాన్ని నిర్ణయించే సీవీ2తో రెండూ ఒకటో స్టెప్పులోనే పాకేటట్టు చూడండి. తరువాత సీవీ5. డబ్ల్యూఏజీ-7 గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే 2 మీటర్లకు 6.3 సెకన్లు; నెమ్మది ఇంజను అంతకన్నా వేగంగా పోతుంటే దానినీ అక్కడికి దించి, రెండోదాన్ని దానితో కలపండి. గూడ్సు బండికి అంతకు మించిన వేగం లేఅవుట్ మీద చూడడానికీ బాగుండదు.

మీకు మిగిలిపోయింది సీవీ6. ఇది మధ్య స్టెప్పు వద్ద వేగాన్ని నిర్ణయిస్తుంది. దానిని 0గా వదిలేస్తే సాధారణంగా డీకోడర్ సీవీ2 నుంచి సీవీ5 వరకు తిన్నని గీత గీసుకుంటుంది. ఉదాహరణకు సౌండ్ ఇంజనులో సీవీ2 = 4, సీవీ5 = 180 ఉన్నాయనుకుంటే నడుమ విలువ 92 అవుతుంది. మీ కాలాల నిష్పత్తి 9/11.5, అంటే 0.78, 92ను 0.78తో గుణిస్తే 72. సీవీ6లో 72 రాసి మళ్లీ కొలవండి. అక్కడి నుంచి ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరిపితే చాలు. మెయిన్ లైను మీదనే ప్రోగ్రామ్ చేసే పద్ధతి మీ కంట్రోలర్‌లో ఉంటే, ఇంజను నడుస్తుండగానే ఈ విలువలను మార్చవచ్చు, ప్రతిసారీ ప్రోగ్రామింగ్ పట్టాకు మోసుకెళ్లనక్కరలేదు.

నా అనుభవంలో సరకు రవాణా జోడీలకు ఈ మూడు సీవీలే సరిపోతాయి. 28 పాయింట్ల టేబుల్ జోలికి అవసరం పడితేనే వెళ్లండి. బ్యాక్ ఈఎంఎఫ్ విషయంలో మాత్రం నా సలహా, జోడీలో నడిచే ఇంజన్లన్నిటిలోనూ దానిని ఆపివేయడమే.

సత్యనారాయణపురం_పాతలైను (జవాబు)

బ్రాడీపేట గారు చెప్పిన క్రమంతో నాకు పేచీ లేదు, ఆఖరి వాక్యంతో ఉంది.

నిజమైన డబ్ల్యూఏజీ-7లు రెండు మల్టిపుల్ యూనిట్‌గా కలిసినప్పుడు వాటి వేగాలను ఎవరూ సరిపోల్చరు. జంపర్ కేబుళ్ల ద్వారా ముందు ఇంజనులోని లోకో పైలట్ ఆదేశం వెనకదానికి అందుతుంది, అంతే. అయినా అవి కొట్టుకోకపోవడానికి కారణం వాటి డీసీ సిరీస్ మోటార్ల స్వభావం. సిరీస్ మోటారుకు బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, తగ్గినకొద్దీ కరెంటు ఎక్కువ తీసుకుని ఎక్కువ బలం ఇస్తుంది; వేగం పెరిగితే బలం దానంతటదే తగ్గుతుంది. కాబట్టి రెండు ఇంజన్లలో చిన్న చిన్న తేడాలున్నా బరువును తమలో తామే పంచుకుంటాయి. కొత్తవలస–కిరండూల్ లైనులో ఇనుప ఖనిజం రేకులకు మూడేసి ఇంజన్లు కలిసి పనిచేయగలిగాయంటే ఈ మెత్తదనమే ఆధారం.

మోడల్ ఇంజనులో ఉండేది శాశ్వత అయస్కాంతపు మోటారు. దాని వేగం ప్రధానంగా వోల్టేజీని అనుసరిస్తుంది, అయినా బరువు పడితే అదీ కాస్త తగ్గుతుంది. బ్యాక్ ఈఎంఎఫ్ పద్ధతి ఆ కాస్త తగ్గుదలను కూడా రద్దు చేస్తుంది. డీకోడర్ మోటారుకు పంపే పల్సులను క్షణకాలం ఆపి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలిచి, వేగం తగ్గిందని తేలగానే బలం పెంచుతుంది. ఒంటరి ఇంజను స్టేషనులో పాకుతూ రావడానికి ఇది వరం. జోడీలో మాత్రం రెండు ఇంజన్లూ తన అంకె తనదేనని మొండికేస్తాయి. వార్మ్ గేరు మొండితనానికి ఇది తోడవుతుంది.

దీనికి మందు మొండితనాన్ని తగ్గించడమే కాని తీసివేయడం కాదు. పూర్తిగా ఆపివేస్తే ఒకటో స్టెప్పు నుంచి అయిదో స్టెప్పు వరకు నడక కుదుపులతో ఉంటుంది, ఆ మోటారు మూడు పోళ్లదైతే చెప్పనే అక్కరలేదు. పైగా ఒకదానిలో ఆపి మరొకదానిలో ఉంచితే మరీ చెడ్డది: తిన్నని పట్టా మీద చక్కగా కలిసిన జోడీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఒకటి నెమ్మదించి మరొకటి నెమ్మదించక విడిపోతుంది. మీ 2 శాతం ఎత్తు వద్ద జరుగుతున్నదానిలో కొంతభాగం ఇదేనని నా అనుమానం, ఎందుకంటే మీ మామూలు డీకోడర్‌లో బ్యాక్ ఈఎంఎఫ్ అసలు ఉందో లేదో మీరు చెప్పలేదు. సమతలం మీదా ఎత్తు మీదా ఆ ఇంజనును ఒంటరిగా, అదే రేక్‌తో, అదే స్టెప్పులో కొలిచి చూడండి. కాలం గమనించదగినంత పెరిగితే అది లేనట్టే.

మీ సౌండ్ డీకోడర్ ఈఎస్‌యూ లోక్‌సౌండ్ అయితే సీవీ56 బ్యాక్ ఈఎంఎఫ్ ప్రభావం ఎంత బలంగా ఉండాలో చెబుతుంది. 255 నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ, నెమ్మది నడక పాడవనంతవరకు దించండి. డిజిట్రాక్స్ డీకోడర్లలో సీవీ57 ఒంటరిగా నడిచేటప్పుడు ఒక విలువనూ, జోడీలో ఉన్నప్పుడు మరొక విలువనూ వేర్వేరుగా పెట్టుకోనిస్తుంది. ఈ సమస్యను తయారీదారులే గుర్తించారనడానికి అదే సాక్ష్యం. బ్యాక్ ఈఎంఎఫ్ బిగువు తగ్గితే వేగాలు నూటికి నూరుపాళ్లు కలవనక్కరలేదు, కొద్దిపాటి తేడాను మోటార్లే సర్దుకుంటాయి. బిగువు అలాగే ఉంచాలనుకుంటే మాత్రం ప్రతి స్టెప్పులోనూ వేగాలు దాదాపు ఒకటే కావాలి, అప్పుడు టేబుల్ తప్పదు.

ఒక క్రమం గుర్తుంచుకోండి. బ్యాక్ ఈఎంఎఫ్ సీవీలను మారిస్తే వేగాలు కూడా మారతాయి కనుక, ముందు వాటిని ఖాయం చేసి, తరువాతనే సీవీ2, 5, 6లకు రండి.

కృష్ణలంక_లూప్‌లైన్

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాతలైను గారి అనుమానం నిజమే. మామూలు డీకోడర్ ఉన్న ఇంజను సమతలం మీద 2 మీటర్లకు 11.5 సెకన్లు తీసుకుంటే, ఎత్తు మీద అదే రేక్‌తో 14 సెకన్లు దాటింది. సౌండ్ ఇంజను మాత్రం రెండుచోట్లా ఒకే కాలం చూపించింది. సౌండ్ ఇంజనులో సీవీ56 తగ్గించి, ఆ తరువాత సీవీ6ను సరిచేశాక 64వ స్టెప్పు వద్దా చివరా రెండూ కలిశాయి. ఎత్తు మీద నిలబడిపోవడం ఆగింది.

అయితే 20 నుంచి 40 స్టెప్పుల నడుమ సౌండ్ ఇంజను ఇంకా ముందుకు పోతోంది, నేను ఎక్కువగా బండి నడిపేది ఆ వేగాల్లోనే. రెండోది, వెనక్కి నడిపితే విదేశీ చాసీ ఇంజను ముందుకంటే కొంత నెమ్మదిగా ఉంటోంది. టేబుల్ నింపక తప్పదనుకుంటే సీవీ29లో ఏమి రాయాలి? నా ఇంజన్లకు నాలుగంకెల అడ్రసులు ఉన్నాయి.

తాడేపల్లి_బెంచ్‌వైస్ (జవాబు)

సీవీల సంఖ్యలు కంపెనీ ఏదైనా ఒకటిగా ఉండడానికి మనం ఎన్‌ఎంఆర్‌ఏకు రుణపడి ఉన్నాం. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని ఆ మోడల్ రైలు సంఘం 1990లలో డీసీసీని అందరికీ వర్తించే ప్రమాణంగా చేసింది. సీవీ29 కూడా ఆ ప్రమాణంలోనిదే. అది ఒక విలువ కాదు, అనేక స్విచ్చుల కూడిక: 28 లేదా 128 స్టెప్పులకు 2, డీసీసీ లేని అనలాగ్ పట్టాల మీద కూడా నడవడానికి 4, స్పీడ్ టేబుల్‌కు 16, నాలుగంకెల అడ్రసుకు 32. మీ ఇంజన్లలో ఇప్పుడు 38 ఉండి ఉంటే దానికి 16 కలిపి 54 రాయండి. 34 ఉంటే 50. ఇందులో 32ను మరచిపోయి 22 రాసేవాళ్లు తరచుగా కనిపిస్తారు. అప్పుడు ఇంజను తన పాత రెండంకెల అడ్రసుకు మళ్లిపోతుంది, డీకోడర్ కాలిపోయిందని అందరూ బెంగపడతారు.

టేబుల్ సీవీ67 నుంచి సీవీ94 వరకు 28 పాయింట్లు. 128 స్టెప్పుల పద్ధతిలో వాడుకకు వచ్చేవి 126 కనుక ఒక్కో పాయింటుకు నాలుగున్నర స్టెప్పులు వస్తాయి, నడుమ విలువలను డీకోడరే పూరించుకుంటుంది. మీకు తేడా ఉన్న 20 నుంచి 40 స్టెప్పులు నాలుగో పాయింటు నుంచి తొమ్మిదో పాయింటు వరకు, అంటే సీవీ70 నుంచి సీవీ75 వరకు. 28 పాయింట్లనూ కొలవనక్కరలేదు. నాలుగు, తొమ్మిది, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది పాయింట్ల వద్ద కాలాలు కలిపి, మధ్యవాటిని సమంగా పెంచుకుంటూ నింపితే కంటికి ఏ తేడా కనిపించదు. మీకు పని ఉన్న కింది భాగంలో కావాలంటే మరో రెండు పాయింట్లు కొలవండి. పైవేగాల వద్ద అంత శ్రమ దండగ.

ఒక జాగ్రత్త. టేబుల్ నడుస్తున్నప్పుడు కొన్ని డీకోడర్లు సీవీ2, 5, 6లను పూర్తిగా పక్కన పెడతాయి, కొన్ని మాత్రం టేబుల్ ఆకారాన్ని సీవీ2, సీవీ5ల నడుమ ఇముడ్చుకుంటాయి. మీ రెండు డీకోడర్లూ వేర్వేరు కంపెనీలవి కనుక రెండింటి మాన్యువళ్లనూ చూడకుండా ఒకదాని అంకెలను మరొకదానిలో రాయకండి. రాసినా అవి కలవవు. గేరు నిష్పత్తి వేరు, మోటారు వేరు.

వెనకనడకకు మందు సీవీ95. ముందునడకకు సీవీ66, వెనకనడకకు సీవీ95 మొత్తం టేబుల్‌ను గుణించే అంకెలు. 128 అంటే ఉన్నది ఉన్నట్టు. ముందుకు 11.5, వెనక్కి 12.3 సెకన్లు పడుతున్నాయనుకుంటే 12.3/11.5 అంటే 1.07, దానిని 128తో గుణిస్తే 137. వెనకనడక పెంచడానికి చివరి స్టెప్పులో మిగులు వోల్టేజీ లేకపోతే, సీవీ66లో 120 రాసి ముందునడకనే తగ్గించండి. చాలా డీకోడర్లలో ఈ రెండూ టేబుల్ వాడుతున్నప్పుడే పనిచేస్తాయి, కాబట్టి మీ విషయంలో టేబుల్‌కు అదొక అదనపు కారణం.

స్టాప్‌వాచ్‌తో వేలు నొక్కే ఆలస్యం వల్ల వేగం పెరిగేకొద్దీ పొరపాటు పెరుగుతుంది. గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న సర్క్యూట్) బోర్డు కొనుక్కుని పట్టా పక్కన 2 మీటర్ల దూరంలో నిలబెడితే ఆ బాధ ఉండదు. అది కూడా వద్దనుకుంటే, లూపు మీద రెండింటినీ కప్లర్ కలపకుండా కొద్ది దూరంలో ఒకదాని వెనక ఒకటి వదిలి, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి నడుమ ఖాళీ ఎంత మారిందో చూడడం పాత పద్ధతి. నా అభిప్రాయంలో సెన్సర్ల కన్నా ఇదే నమ్మకమైనది, ఎందుకంటే జోడీకి కావలసింది సరైన వేగం కాదు, ఒకే వేగం. రేపు ఇంటర్‌ఫేస్ కొనుక్కుంటే జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్‌ప్రో ఈ టేబుళ్లను తెర మీద గీతగా చూపించి భద్రపరుస్తుంది. అప్పటివరకు పాత విలువలన్నిటినీ నోటుబుక్కులో రాసుకునే మార్చండి, ఎందుకంటే చాలా డీకోడర్లలో సీవీ8లో 8 రాస్తే అంతా ఫ్యాక్టరీ స్థితికి పోతుంది, మీరు సరిచేసినవీ పోతాయి.

మూడో ఇంజను వస్తే దానిని కూడా ఇప్పుడు ప్రమాణంగా తీసుకున్న విదేశీ చాసీ ఇంజనుతోనే పోల్చండి, సౌండ్ ఇంజనుతో కాదు. ఒకదాని నుంచి ఒకటిగా పోలిస్తే చిన్న తేడాలు కూడుకుంటూ పోతాయి.

అంతా కుదిరాక సీవీ3, సీవీ4లకు రెండింటిలోనూ మళ్లీ విలువలు ఇవ్వాలి. వేర్వేరు కంపెనీల డీకోడర్లలో ఒకే అంకె ఒకే జాప్యాన్ని ఇస్తుందనుకోకండి. నిలబడిన స్థితి నుంచి 64వ స్టెప్పు వేగానికి చేరడానికి పట్టే సెకన్లను కొలిచి కలపండి. ఆ తరువాతనే జోడీ కట్టండి. జోడీ అడ్రసు 12 అనుకుంటే ముందు ఇంజను సీవీ19లో 12, వెనక ఇంజను ఎదురుదిశలో నిలబడితే దానిలో 12కు 128 కలిపి 140 రాయాలి. అలా ఎదురుదిశలో నిలబడిన ఇంజను, జోడీ ముందుకు పోతున్నంతసేపూ నిజానికి తన వెనకనడక వేగంతో నడుస్తుంది కనుక, మీరు విదేశీ చాసీ ఇంజనును ఏ వైపుకు తిప్పి కడుతున్నారో చూసుకుని, ఆ దిశ కొలతనే సౌండ్ ఇంజను ముందునడకతో కలపండి.